బస్సు అడిగితే బహుమతి రాదు

"శనివారం రాత్రి 9 దాటాక బస్సు లేదు." పసుపు చీటీ మీద ఆ అమ్మాయి రాసింది ఈ ఒక్క ముక్కే. గోడకు అంటించి నావైపు తిరిగి, "అన్నా, మాకు యాప్ ఏం వద్దు. ఈ ఒక్కటి చేయిస్తే చాలు" అంది.

ఫిబ్రవరి నెల. బయట మైనస్ 21 డిగ్రీలు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఉత్తరపు అంచున ఉన్న ఒక విశ్వవిద్యాలయం. చలికాలంలో విద్యార్థుల క్షేమానికి కొత్త ఆలోచనలు కావాలంటూ అక్కడ 48 గంటల ఇన్నోవేషన్ పోటీ పెట్టారు. ఆ అమ్మాయి ఉన్న జట్టుకు నేను మెంటర్‌ని. అందులో నలుగురు, ముగ్గురు మనవాళ్లే. ఆమెది ఖమ్మం వైపు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని. శనివారం షిఫ్టు రాత్రి 9:30కి అయిపోతుంది, ఆమె ఇంటివైపు వెళ్లే చివరి బస్సు 8:50కి. మిగిలింది నడక, రెండు మైళ్లు. ఆ వారం పోటీ కోసం షిఫ్టు వదులుకుని వచ్చింది. అంటే ఆ డబ్బులు పోయినట్టే.

"అది ఇన్నోవేషన్ కాదమ్మా, రిక్వెస్టు. జడ్జీలు మార్కులు వేయరు" అన్నాను. చీటీని నా చేత్తోనే పీకాను.

ఆదివారం సాయంత్రానికి ఆ జట్టు ఒక యాప్ తయారుచేసింది. రోజూ ఉదయం 'మనసెలా ఉంది' అని అడుగుతుంది. బాగాలేదని నొక్కితే, కాసేపు బయట నడిచి రమ్మని సలహా ఇస్తుంది. దానికి మూడో బహుమతి వచ్చింది. అందరం వరసగా నిలబడి ఫొటో దిగాం. మరుసటి శనివారం ఆ అమ్మాయి మళ్లీ రాత్రి 9:30కి రెండు మైళ్లు నడిచింది. బయట నడవమని చెప్పడానికి ఆమెకు యాప్ అక్కర్లేదు.

ఆ చీటీ పీకినందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఇలాంటి పోటీలను వెనకేసుకొచ్చే వాదన ఎక్కడ తప్పో చెప్పకపోతే ఆ సిగ్గుకు అర్థం లేదు.

ఆ వాదన నాకు బాగా తెలుసు. మూడేళ్లపాటు నేనూ అదే చెప్పాను. కష్టం పడేవాడికే ఆ కష్టం లోతు తెలుస్తుంది, కాబట్టి పరిష్కారం విద్యార్థుల్లోంచే రావాలి. అధికారులకు ఊహ తక్కువ, కుర్రాళ్లకు ఊహ ఎక్కువ. ఖర్చు కొద్దిగానే అవుతుంది. గెలిచినా ఓడినా నలుగురితో కలిసి పనిచేయడం వస్తుంది, ఒంటరితనం తగ్గుతుంది, రెజ్యూమెలో ఒక లైను చేరుతుంది. ఇందులో చివరిది నిజం. ఒంటరితనం ఆ రెండు రోజులు తగ్గడమూ నిజమే, నేను కళ్లారా చూశాను. కానీ మిగతా భవనమంతా ఒకే పునాది మీద నిలబడి ఉంది: చలికాలపు కష్టానికి ఇంకా పరిష్కారం దొరకలేదు, కొత్తగా ఎవరో కనిపెట్టాలి అన్న నమ్మకం మీద. ఆ పునాదే లేదు.

చలికాలంలో మనిషి ఎందుకు కుంగుతాడో, ఏం చేస్తే లేస్తాడో తెలిసి నలభై ఏళ్లు దాటింది. ఆ కథ ఒక రోగితో మొదలైంది. హెర్బర్ట్ కెర్న్ అనే అమెరికన్ ఇంజనీరు తన మనసు ఎప్పుడు కుంగుతోందో, ఎప్పుడు తేరుకుంటోందో ఏళ్ల తరబడి నోటుబుక్కుల్లో రాసుకున్నాడు. పగలు కురచవుతుంటే తను పడిపోతున్నాడు, పగలు పొడుగవుతుంటే లేస్తున్నాడు. ఆ లెక్కలు పట్టుకుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థకు వెళ్లాడు. కళ్లకు తగినంత ప్రకాశవంతమైన వెలుతురు తగిలితే మనిషి ఒంట్లో మెలటోనిన్ తగ్గుతుందని అక్కడి ఆల్ఫ్రెడ్ లూయీ బృందం 1980లోనే చూపించింది. వాళ్లు కెర్న్‌ను చలికాలం తెల్లవారకముందూ, పొద్దుగూకాకా గాఢమైన వెలుతురు ముందు కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లో మనిషి తేరుకున్నాడు. జొహనెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వచ్చి మొదటి చలికాలాలకే తనూ నీరసించిపోయిన నార్మన్ రోజెంథాల్ అనే వైద్యుడు, సహచరులతో కలిసి 1984లో ఆ జబ్బుకు పేరు పెట్టి, లక్షణాలు రాసి, వెలుతురు చికిత్సను ప్రకటించాడు.

కష్టం పడేవాడికే లోతు తెలుస్తుందన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. పోటీవాళ్లు కెర్న్‌ను తమవాడిగా చెప్పుకోవచ్చు. అయితే కెర్న్ తన కష్టాన్ని చెప్పి ఊరుకున్నాడు. విన్నవాళ్లు జీతం తీసుకునే వైద్యులు, వినడమే వాళ్ల ఉద్యోగం. విన్నాక ఏళ్లపాటు పనిచేసింది వాళ్లు. మూడు నిమిషాల్లో స్లైడ్లు వేసి ఒప్పించమని ఎవరూ అతణ్ని నిలబెట్టలేదు. ఇంకో ఇరవై మంది రోగులతో పోటీపడి గెలిస్తేనే వైద్యం అనలేదు.

ఇప్పుడు ఆ వైద్యం ఎంత మామూలైపోయిందంటే, 10,000 లక్స్ వెలుతురిచ్చే దీపం అమెరికాలో వంద డాలర్ల లోపే దొరుకుతుంది. ఉదయం లేచాక అరగంట దాని ముందు కూర్చోవాలి. మన ఇళ్లల్లో, క్లాసుగదుల్లో ఉండే వెలుతురు మామూలుగా మూడు నాలుగు వందల లక్స్‌కు మించదని గుర్తుంచుకుంటే ఆ దీపం సంగతి అర్థమవుతుంది. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి వాడాలి, అంతే జాగ్రత్త. కెనడాలో ఎడ్మంటన్, విన్నిపెగ్ ప్రజా గ్రంథాలయాలు ఇలాంటి దీపాలను పాఠకుల కోసం బల్లల మీద పెట్టాయి. లైబ్రరీకి వచ్చి, పుస్తకం తెరిచి, దీపం ముందు కూర్చోవడమే.

నేను మెంటర్‌గా వెళ్లిన పోటీలో మొదటి బహుమతి 3,000 డాలర్లు. ఆ డబ్బుతో ముప్పై దీపాలు వస్తాయి. ఆ క్యాంపస్ లైబ్రరీలో అప్పటికి ఒక్కటి కూడా లేదు.

మార్కుల పట్టిక గురించి చెప్పాలి, అసలు కీలకం అక్కడుంది. నా చేతికిచ్చిన కాగితంలో నాలుగు గడులు: కొత్తదనం, సాంకేతికత, పెద్దయెత్తున విస్తరించే వీలు, ప్రెజెంటేషన్. ఎంత అవసరం అన్న గడి లేదు. ఎంతమందికి రేపటి నుంచే ఉపయోగం అన్న గడి లేదు. బస్సుకు కొత్తదనం కింద సున్నా. దీపానికి సున్నా. సెలవుల్లో మెస్ తెరిచి ఉంచడానికి సున్నా. పాత బూట్లు పోగుచేసి కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వడానికి సున్నా. బాగా పనిచేస్తుందని రుజువైన ప్రతిదానికీ సున్నా, ఎందుకంటే రుజువైందంటే పాతదన్నమాట. పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియని దానికే మార్కులు. క్షేమాన్ని ఇలా కొలిచే పద్ధతి మరెక్కడా లేదు. ఆసుపత్రిలో జ్వరం వచ్చినవాడికి పారాసెటమాల్ పాతదని ఇవ్వడం మానేస్తారా?

నా మొదటి చలికాలం గుర్తుంది. నలుగురం కలిసి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాం. కిటికీ నేలమట్టానికి ఉండేది. డిసెంబరులో మంచు పడి అది మూసుకుపోయింది. ఆ మంచులోంచి నీలం రంగు వెలుతురు కొద్దిగా వడగట్టినట్టు వచ్చేది, సాయంత్రం నాలుగున్నరకు అదీ పోయేది. అక్కడ డిసెంబరు చివర్లో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, హైదరాబాద్‌లో అదే రోజు పదకొండు గంటలు. మధ్యాహ్నం రెండింటిదాకా పడుకునేవాణ్ని. లేచి అన్నం వండుకుని, అమ్మ పంపిన కందిపొడి కలుపుకుని తినేవాణ్ని, ఆ తర్వాత మళ్లీ అన్నమే. స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాను. అమ్మతో మాత్రం రోజూ బాగానే ఉన్నానని చెప్పేవాణ్ని. ఎక్కువ నిద్ర, అన్నం మీద యావ, మనుషులను తప్పించుకోవడం, ఈ మూడూ రోజెంథాల్ రాసిన లక్షణాల్లోనే ఉన్నాయని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

ఆ జనవరిలో ఎవరైనా నా తలుపు కొట్టి, చలికాలపు క్షేమం మీద పోటీ ఉంది, జట్టు కట్టి రా అని పిలిచి ఉంటే, వెళ్లేవాణ్ని కాదు. తలుపు తీసేవాణ్ని కూడా కాదు. పోటీలకు వచ్చేది ఆ చలికాలం ఇంకా కాళ్ల మీద నిలబడగలిగినవాళ్లు. పడిపోయినవాళ్లు పడకలోనే ఉంటారు. కష్టపడేవాళ్ల గొంతు వింటున్నామని చెప్పే వేదిక, వాళ్లలో ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్లను తన నిర్మాణంతోనే బయట ఉంచుతోంది. ఆ రెండు రోజులూ పిల్లలు నిద్రపోరు. చల్లారిన పిజ్జా తింటూ, ఎనర్జీ డ్రింకులు తాగుతూ, తెల్లవారుజామున మూడింటికి ఆరోగ్యం గురించి స్లైడ్లు తయారుచేస్తారు. నిద్ర, భోజనం, పగటి వెలుతురు, ఈ మూడింటినీ తీసేసి వాటి మీదే పోటీ పెడుతున్నామని హాల్లో ఉన్న పెద్దవాళ్లం ఒక్కరమూ అనుకోలేదు.

నన్ను లేపింది రెండు జతల సాక్సులూ ఒక జత బూట్లూ. చదువు పూర్తిచేసుకుని కాలిఫోర్నియా వెళ్లిపోతున్న ఒక సీనియర్ అన్న తన స్నో బూట్లు మా గుమ్మం దగ్గర వదిలి వెళ్లాడు. మన ఊరి స్పోర్ట్స్ షూతో మంచులో నడిస్తే పావుగంటలో వేళ్లు మొద్దుబారతాయి, అందుకే బయటకు పోవడం మానేశాను. బూట్లు వచ్చాక పగలు బయట నడవడం మొదలైంది. మబ్బు పట్టిన చలికాలపు పగలు కూడా బయట వెలుతురు గదిలో ట్యూబ్‌లైటుకు ఎన్నో రెట్లు. ఇందులో ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

నాకు తెలియకుండా ఉండిపోయింది ఇంకొకటుంది. అది అన్నిటికన్నా పెద్దది. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి పూర్తి కోర్సు లోడ్ తీసుకోవాలి, తగ్గిస్తే వీసా పోతుందన్న భయం ప్రతి తెలుగు విద్యార్థికీ ఉంటుంది. కానీ ఆరోగ్యం బాగాలేదని లైసెన్సున్న వైద్యుడో సైకాలజిస్టో ఉత్తరం ఇస్తే, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి ముందుగా అనుమతిస్తే, కోర్సు లోడ్ తగ్గించుకోవచ్చు. అవసరమైతే ఆ సెమిస్టర్‌లో పూర్తిగా ఆగవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం పన్నెండు నెలలదాకా ఆ వీలుంది. మనసు కుంగిపోవడమూ ఆరోగ్యం బాగాలేకపోవడమే. ఈ నిబంధన ఏళ్లుగా పుస్తకంలో ఉంది. నేను మాట్లాడిన మన పిల్లల్లో ఎక్కువమంది దీని పేరే వినలేదు. కౌన్సెలర్ దగ్గరకు వెళితే వీసాకు చేటని తప్పుగా నమ్మి వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఓరియంటేషన్ రోజున ఒక్క కాగితం మీద, వాళ్లకర్థమయ్యే మాటల్లో ఈ రెండు సంగతులూ రాసి ఇస్తే ఎన్ని సెమిస్టర్లు మిగిలేవి, ఎన్ని ప్రాణాలు కుదుటపడేవి! ఆ కాగితానికి మాత్రం ఏ పోటీలోనూ బహుమతి రాదు.

ఇక్కడ ఇంకో వాదన వినిపిస్తుంది. పోటీ ముగింపు సభల్లో ఈమధ్య దాన్ని ఎక్కువగా వింటున్నాను. చలికాలం కష్టం మనం చూసే చూపులో ఉంది, చూపు మార్చుకుంటే చలికాలం పండగవుతుంది అంటారు. దానికి నార్వేలోని ట్రోమ్సో పట్టణాన్ని చూపిస్తారు. అక్కడ నవంబరు చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు దిగంతం మీదికి రాడు. అయినా అక్కడి మనుషులు చలికాలాన్ని ఇష్టంగా గడుపుతారని, అందులో వాళ్ల చూపుకు పాత్ర ఉందని కారి లీబోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు అక్కడ నివసించి అధ్యయనం చేసింది. ఆ అధ్యయనం మీద నాకు గౌరవమే. నా అభ్యంతరం దాన్ని వాడుకునే తీరు మీద. ట్రోమ్సోలో పని అయ్యాక స్కీయింగుకు వెళ్లేవాళ్ల దారుల పొడవునా రాత్రిపూట దీపాలుంటాయి. నార్వేలో అలాంటి దీపాల దారులు ఊరూరా ఉన్నాయి. అవి ఎవరి చూపులోంచీ పుట్టలేదు. స్తంభాలు పాతి, తీగలు లాగి, ఏటేటా బిల్లు కట్టి నిలబెట్టుకున్నవి. ముందు దారికి దీపం పెట్టండి, ఆ తర్వాత ఆ అమ్మాయి చూపు గురించి మాట్లాడుకుందాం. చీకట్లో మంచుగడ్డల మీద ఒంటరిగా రెండు మైళ్లు నడిచే పిల్లకు ధోరణి మార్చుకోమని చెప్పడం క్రూరం.

ఖర్చు తక్కువన్న మాటకొస్తాను. పోటీకి ఖర్చు నిజంగానే తక్కువ. అందుకే పెడుతున్నారని నేను నమ్ముతున్నాను. బస్సుకు డ్రైవరు కావాలి, డ్రైవరుకు ఏడాదంతా జీతం కావాలి. అమెరికాలో కౌన్సెలింగ్ కేంద్రాలకు గుర్తింపునిచ్చే సంస్థ, ప్రతి 1,000 నుంచి 1,500 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలరుండాలని చెబుతూ వచ్చింది. ఆ లెక్కన ముప్పై వేలమంది ఉన్న క్యాంపస్‌కు కనీసం ఇరవై మంది కావాలి, అది ఏటేటా పడే భారం. పోటీ రెండు రోజుల్లో అయిపోతుంది. ఫొటోలు మిగులుతాయి. ఏం చేశారని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక వార్షిక నివేదికలో ఒక పేజీ మిగులుతుంది. పోటీ పెట్టేవాళ్లు దుర్మార్గులని నేననడం లేదు. నాతో పనిచేసినవాళ్లు మంచివాళ్లు, పిల్లల మీద ప్రేమున్నవాళ్లు. కానీ సంస్థ చేయాల్సిన పనిని పిల్లల తెలివి మీదకు నెట్టడానికి ఆ మంచితనం వాహనమవుతోంది. పరిష్కారం దొరకలేదంటే పిల్లలకు ఇంకా తట్టలేదన్నమాట. బాధ్యత చేతులు మారిపోయింది.

గెలిచిన యాప్‌ల గతి కూడా చెప్పాలి. మాస్టర్స్ విద్యార్థికి క్యాంపస్‌లో రెండు చలికాలాలు. మొదటిదాంట్లో తట్టుకోవడం నేర్చుకుంటాడు, రెండోదాంట్లో ఉద్యోగం వెతుక్కుంటాడు. యాప్‌ను పట్టుకుని కూర్చునేదెవరు? నేను మెంటర్‌గా ఉన్న మూడేళ్లలో గెలిచిన తొమ్మిది జట్ల పనుల్లో మరుసటి చలికాలానికి ఒక్కటీ బతికి లేదు. మా జట్టు యాప్‌ను నేను నవంబరులో తెరిస్తే సర్వర్ అందుబాటులో లేదని వచ్చింది.

మన సంఘాలతో, మన పెద్దవాళ్లతో ఒక మాట. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, ఆ ఏడాది చైనాను కూడా దాటారు. వాళ్లలో మన పిల్లలెందరో ఏ ఊరి క్యాంపస్‌కెళ్లి చూసినా తెలుస్తుంది. మన సంఘాలు ఈ పోటీలకు స్పాన్సర్లుగా డబ్బిస్తున్నాయి, తెలుగు జట్టు గెలిస్తే మన పేపర్లలో ఫొటో వస్తుంది, గుంటూరులో నాన్న ఆ ఫొటోను వాట్సాప్‌లో అందరికీ పంపుతాడు. ఆ సంతోషాన్ని తక్కువ చేయను. కానీ అదే చెక్కుతో ఆగస్టులో దిగే పిల్లలకోసం కోట్లూ బూట్లూ ఉంచే గది ఒకటి తెరవచ్చు. డిసెంబరు సెలవుల్లో డైనింగ్ హాళ్లు మూసి, డార్ములు ఖాళీ అయినప్పుడు మూడు వారాలు రోజూ ఒక పూట భోజనం పెట్టవచ్చు. పెళ్లికి వెయ్యిమందికి వడ్డించే మనకు యాభైమంది పిల్లలకు పప్పన్నం పెట్టడం చేతకాదా? ఇంటి దగ్గర అమ్మానాన్నలకూ ఒకటి చెప్పాలి. సూట్‌కేసులో ఆవకాయ సీసా చుట్టూ మంకీ క్యాపులు కుక్కి పంపుతున్నారు. దాంతోపాటు ఇంకొకటి పంపండి: బాగాలేదని చెప్పినా ఫర్వాలేదన్న మాట. నేను అమ్మతో బాగాలేదని అనలేకపోయింది చలివల్ల కాదు, చదువుకోసం చేసిన అప్పువల్ల.

క్షేమం మీద పోటీ పెట్టే ఈ అలవాటు మన కాలేజీలకూ దిగుమతైంది. ఆదిలాబాద్‌లో, పాడేరు కొండల మీద జనవరి తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకునే హాస్టల్ పిల్లలకు కావలసింది వేడినీళ్లు, మందమైన దుప్పటి. దాని మీద నగరంలో ఎవరైనా హ్యాకథాన్ పెట్టబోతుంటే, దయచేసి ఆ డబ్బుతో దుప్పట్లు కొనండి.

పోటీలను పూర్తిగా రద్దు చేయమని అడగడం లేదు. పిల్లలు యంత్రాలు కడతారు, కట్టనివ్వండి, రోబోలు చేయనివ్వండి. అందులో ఓడిపోయినవాడికి నష్టమేమీ లేదు. మనిషి ఆరోగ్యం మీద మాత్రం ముందు ఒక పని చేసి ఆ తర్వాత పోటీ పెట్టండి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పేలోపు, విద్యార్థులు గోడకు అంటించిన చీటీలన్నీ చదివి, వాటిలో తెలిసిన పరిష్కారం ఉన్నవాటిని వేరుచేసి, ఒక్కొక్కదాని పక్కన ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో రాసి అదే గోడమీద పెట్టండి. బస్సు పక్కన రవాణా విభాగం అధికారి పేరుండాలి. దీపాల పక్కన లైబ్రేరియన్ పేరుండాలి. ఆ జాబితా పూర్తయ్యాక ఇంకా ఏమైనా మిగిలితే, దానికి కొత్త ఆలోచన కావాలంటే, నేను మళ్లీ మెంటర్‌గా వస్తాను. ఈ ఏడాది పిలుపు వచ్చినప్పుడు ఇదే రాసి పంపాను.

ఆ అమ్మాయి చదువైపోయింది, ఉద్యోగం దొరికి టెక్సస్ వెళ్లింది. వెళ్లేముందు తన బూట్లు శుభ్రంగా కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి నాకిచ్చింది, కొత్తగా వచ్చేవాళ్లలో ఎవరికి సరిపోతే వాళ్లకిమ్మని. సైజు ఏడు. మొన్న ఆగస్టులో వరంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయికి సరిపోయాయి. ఆ పిల్లకూ డైనింగ్ హాల్లోనే పని దొరికింది, శనివారాలు రాత్రి షిఫ్టు. ఆ రూటులో చివరి బస్సు ఇప్పటికీ 8:50కే.